పిడి లేని కుళాయి

హైమావతి డిగ్రీ పట్టా పుచ్చుకునే రోజు కట్టుకోవడానికి పట్టుచీర ముందే కొనిపెట్టుకుంది. ఎంత ముందంటే, కాలేజీలో చేరిన నెలలోనే. వంకాయరంగు చీర, సన్నంచు. జాకెట్టు కూడా అప్పుడే కుట్టించింది. మూడో ఏడుకొచ్చేసరికి చదువు ఎంతవరకు ఒంటబట్టిందో చెప్పలేం గానీ, జాకెట్టు మాత్రం చంకల దగ్గర పట్టేస్తోంది.

ఆవిడ చదువు పెళ్లితో ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోయింది. కూతురు ఇంజనీరింగు హాస్టలుకి వెళ్లిపోయాక మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయని, తమ వీధి వెనకే ఉన్న డిగ్రీ కాలేజీలో బి.ఏ.లో చేరింది. చేరాక నడక మారింది. కూరల బండి దగ్గర నిలబడి, "తొందరగా తూచవయ్యా, నాకు క్లాసు టైమైపోతోంది" అనేది. ఆ ఒక్క మాట అనడం కోసం అవసరం లేని దొండకాయలు కొన్న రోజులున్నాయి. "నీ డిగ్రీ అయ్యేదాకా నాకీ వేపుడు తప్పదా, హైమా?" అని భర్త కోదండపాణి అడిగాడు కూడా.

ఆ డిగ్రీ అయిపోవచ్చింది. అప్పటిదాకా రాసిన పేపర్లన్నీ గట్టెక్కాయి. ఆఖరి పరీక్షలకి హాల్ టికెట్ ఒక్కటే చేతికి రావాలి. సరిగ్గా అప్పుడు కాలేజీకి స్పందన పట్టుకుంది.

విద్యార్థుల్లో చలనం తగ్గిపోతోందని పైన ఎవరికో అనుమానం వచ్చిందట. అనుమానం కిందికి దిగుతూ దిగుతూ ఉత్తర్వైంది. ప్రిన్సిపాల్ డాక్టర్ సాంబమూర్తిగారు దాన్ని తన సొంత భాషలోకి మార్చి నోటీసు బోర్డులో పెట్టించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన కళాశాల ఆడిటోరియమునందు సామాజిక సమస్యలపై సమకాలీన కళా ప్రదర్శన ఏర్పాటు చేయబడినది. ఆఖరి సంవత్సరం విద్యార్థినీ విద్యార్థులు తప్పనిసరిగా దర్శించి, స్వచ్ఛందముగా చలించి, తమ వ్యక్తిగత స్పందనను రెండు పుటలకు తగ్గకుండా సమర్పించవలెను. స్పందన సొంత మాటలలో ఉండవలెను. సొంత మాటలు కింద ఇవ్వబడినవి. స్పందించని వారికి హాల్ టికెట్ ఇవ్వబడదు."

కింద సొంత మాటలు ఉన్నాయి: నా హృదయం ద్రవించింది. నా కళ్లు చెమర్చాయి. నేను మారిపోయాను.

"ఆంటీ, ఇదే వరసలో కావాలా?" అంది పక్క బెంచీ షాహీన్, ఫోనులో నోటీసుని ఫొటో తీసుకుంటూ. "నాకు ముందు చెమర్చి, తర్వాత ద్రవిస్తే మార్కులు కోస్తారా?"

"ఏమోనే. నాకు మాత్రం ఆ బెంగ లేదు. సీరియల్లో కుక్కపిల్ల తప్పిపోయినా ఏడ్చేదాన్ని. ఇదెంత?" అంది హైమావతి.

ఆవిడ ధీమా అలాంటిది. ఇంట్లో అందరికంటే తనకే మనసు మెత్తన అని ఆవిడకి చాలా ఏళ్లుగా ఒక నమ్మకం. ఆ నమ్మకానికి పరీక్ష ఎప్పుడూ రాలేదు.

*

ప్రదర్శనకి కళాకారుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. పేరు అనికేత్. జుట్టు నెత్తిమీద ముడేసుకుని, ఎవరేం అడిగినా ముందు కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత "అది మీలోనే ఉంది" అనేవాడు. పర్యవేక్షణ కమిటీకి ప్రసూన మేడమ్ కన్వీనర్. ఆవిడ చెప్పేది కామర్స్. మెడికల్ లీవు నుంచి అప్పుడే వచ్చింది కనక కాదనలేకపోయింది.

ఆడిటోరియం గుమ్మం పక్కనే అరిగిపోయిన చెప్పుల కుప్ప ఒకటి ఉంది. దాని పేరు 'వలస'. పేరు చదవకముందే జనం అలవాటు ప్రకారం అక్కడే చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు కొందరు తమవి తొడుక్కున్నారు, కొందరు తమవాటికంటే బాగున్నవి తొడుక్కున్నారు. సాయంత్రానికి కళాకృతి మరీ కొత్తగా కనిపించడంతో, దాన్ని మళ్లీ పాతగా చెయ్యడానికి అనికేత్ అటెండర్ల చెప్పులు అడిగి తీసుకోవాల్సొచ్చింది.

హైమావతి తన చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్లింది. మొదటి బొమ్మ ముందు నిలబడి చలించడానికి ప్రయత్నం చేసింది. ఏమీ కాలేదు. సరే, కన్నీళ్లకి సాయంగా ఉంటుందని చనిపోయిన అమ్మని తలుచుకుంది. అమ్మ వెంటనే కళ్లముందు నిలబడి, "పాలగిన్నె మీద మూత పెట్టొచ్చావా?" అని అడిగింది. పెట్టలేదు. ఇంక ఆ హాల్లో ఆకలి మీద బొమ్మా, అవినీతి మీద బొమ్మా, ఆడపిల్లల మీద బొమ్మా అన్నీ ఆవిడకి మూత లేని పాలగిన్నెలాగే కనిపించాయి.

అలా చివరి దాకా వచ్చింది. అక్కడుంది 'దాహం - మూడు'.

పైనుంచి ఒక ఇత్తడి కుళాయి వేలాడుతోంది. దాని గొట్టం కాలేజీ ట్యాంకులోంచి వస్తోంది. కింద పగిలిన కుండ. కుళాయిలోంచి నీళ్లు ధారగా కుండలో పడి, పగుళ్లలోంచి కారి, వెనక తలుపు గుండా బయటి మట్టిలోకి పోతున్నాయి. పక్కన బోర్డు: 'రేపటికి ఏం మిగుల్చుతున్నాం?'

ఆ ఊళ్లో మున్సిపాలిటీ నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. వచ్చినప్పుడు నోట్లో ముద్ద ఉన్నా, ఫోనులో వియ్యపురాలున్నా వదిలేసి బిందె పెట్టాల్సిందే. హైమావతి కాపురమంతా ఆ నీళ్ల చుట్టూ తిరిగింది. బియ్యం కడిగిన నీళ్లు తులసిమొక్కకి, బట్టలు జాడించిన నీళ్లు వాకిట్లోకి, కోదండపాణి స్నానం మగ్గుల లెక్కన. ఆవిడ బుర్ర ఇంకా స్పందన గురించి ఆలోచిస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఆలోచించలేదు. వెళ్లి కుళాయి కట్టేసింది.

ధార ఆగింది.

"ఎవరు ఆపింది?" అని అరిచాడు అనికేత్, కళ్లు మూసుకోకుండానే.

*

ప్రిన్సిపాల్ గదిలో కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. హైమావతిని కూర్చోమన్నారు. వయసు చూసి కూర్చోమన్నారో, నేరం చూసి కూర్చోమన్నారో ఆవిడకి తెలియలేదు.

"మీరు సదరు కళాకృతిని ఏ ఉద్దేశంతో కట్టేశారు?" అని అడిగారు సాంబమూర్తిగారు.

"నీళ్లు పోతున్నాయండి."

"పోతున్నాయని మాకూ తెలుసునమ్మా. పోవడమే దాని ఇతివృత్తం."

"మీరు ఆపిన ఆ కాసేపూ నా వర్క్ ఒట్టి కుళాయి అయిపోయింది, మేడమ్," అన్నాడు అనికేత్ గద్గదంగా.

హైమావతికి ఒక ఆశ తోచింది. "అదే నా వ్యక్తిగత స్పందన అనుకోవచ్చునేమోనండి" అంది.

ప్రసూన మేడమ్ నిబంధనలు తిరగేసింది. ద్రవించడం ఉంది, చెమర్చడం ఉంది, మారిపోవడం ఉంది. కట్టెయ్యడం లేదు.

సాంబమూర్తిగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే సిద్ధాంతం రాబోతోందని స్టాఫ్ అందరికీ తెలుసు. "హైమావతమ్మా, కళాశాల మిమ్మల్ని అడిగింది స్పందన. మీరు చేసింది పరిష్కారం. పరిష్కారాలు మన పరిధిలోవి కావు. వాటికి వేరే శాఖ ఉంది."

తీర్మానాలు జరిగాయి. ఇకమీదట ఎవరికీ పరిష్కారబుద్ధి పుట్టకుండా కుళాయి పిడి ఊడదీయించి ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. మిగతా విద్యార్థుల కాగితాలు యథాతథంగా ఆమోదించాలి. హైమావతి మాత్రం కమిటీ సమక్షంలో, కళాకృతి ఎదుట, మళ్లీ మొదటినుంచి స్పందించాలి. అప్పటిదాకా హాల్ టికెట్ ఆపాలి.

"రాసిపారెయ్యరాదూ, హృదయం ద్రవించిందని?" అన్నాడు కోదండపాణి ఆ సాయంత్రం, కాఫీ గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని. ఆయన మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. "మేం రోజూ 'మీ సమస్య పట్ల తీవ్రంగా చింతిస్తున్నాము' అని రాస్తాం. ఎవడైనా వచ్చి మా చింత చూపించమన్నాడా?"

"రాశానండీ. చదివి, నిజాయితీ లోపించింది అన్నారు."

"షాహీన్‌ది?"

"అదీ అవే మాటలు రాసింది. దానికి లోపించలేదు. అది కుళాయి ముట్టుకోలేదుగా."

ఆయన గ్లాసు కింద పెట్టి, "అయితే ఉల్లిపాయ పట్టుకెళ్లు" అన్నాడు. అంతకుమించి మొగుడు మాత్రం ఏం సాయం చెయ్యగలడు? హైమావతి నిజంగానే కొంగుకి ఉల్లిపాయ ముక్క కట్టుకుని వెళ్లింది. ఆవిడకి కన్నీళ్లు రాలేదు గానీ, పక్కన నిలబడిన ప్రసూన మేడమ్‌కి ధారగా వచ్చాయి. మేడమ్‌కి మార్కుల అవసరం లేదు.

రోజూ వెళ్లి నిలబడేది. కమిటీ నిలబడి చూసేది. ఆ ధారని చూస్తుంటే ఆవిడలో కలిగింది ఒక్కటే, అరచేతిలో దురద. పిడి లేని కుళాయిని చూస్తూ పళ్లు నూరుకునేది. పట్టుచీర బీరువాలోంచి పిలుస్తున్నట్టుండేది. కూరల బండివాడు, "ఏందమ్మా, క్లాసు టైమైపోలా?" అని వాడే అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ దొండకాయలు కొనడం మానేసింది.

*

పిడి లేకపోవడంతో 'దాహం' రాత్రింబవళ్లు పారింది. ముందు ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు ఆగిపోయాయి. తర్వాత లాబ్‌లో. తర్వాత క్యాంటీనువాడు టీ ఆపేశాడు. అప్పుడు స్టాఫ్‌లో కొంత చలనం వచ్చింది గానీ, అది సామాజిక స్పందన కిందికి రాదని కమిటీ తేల్చింది.

రెండో నోటీసు పడింది. "ప్రదర్శనలో ప్రవహించునది సాంస్కృతిక జలము. దానిని తాగుటకు గాని, కడుగుటకు గాని వినియోగించరాదు. విద్యార్థులు తమ దాహమును ఇంటివద్దనే తీర్చుకొని రావలెను."

బోరు కూడా చేతులెత్తేశాక మూడోది పడింది. ప్రతి విద్యార్థీ రోజూ ఒక సీసా నీళ్లు తెచ్చి ప్రదర్శన ట్యాంకులో పొయ్యాలి. దాన్ని 'భాగస్వామ్యం' అన్నారు. పిల్లలు సగం తాగి సగం పోస్తుంటే, తాగడం మీద నిఘాకి ఇద్దరు లెక్చరర్లని వేశారు. ఆ ఇద్దరికీ దాహమేసింది గానీ డ్యూటీలో ఉన్నారు.

కాలేజీలో పంపు ఆగకుండా వస్తోందని వెనక వీధుల్లో తెలిసిపోయింది. ఒక పొద్దున వెనక వీధి కోటమ్మ ముందు నడుస్తుంటే అక్కడి ఆడవాళ్లు బిందెలతో ఆడిటోరియం గుమ్మంలోకి వచ్చి వరసలో నిలబడ్డారు. వాచ్‌మన్ కర్ర ఎత్తేలోగా అనికేత్ పరుగెత్తుకొచ్చాడు. ఆ వరసని చూసి కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు.

"వీళ్లని కదపకండి. నా వర్క్‌లో ఏదో తక్కువైందని మొదట్నించీ అనుకుంటున్నాను. ఇదే."

కమిటీ మళ్లీ కూర్చుంది. స్త్రీలు వరసలో ఉండవచ్చు, టిఫిను పెట్టబడును. అయితే బిందెలు ఖాళీగా ఉండాలి.

"నింపుకుంటే భావం చెడిపోతుందమ్మా" అని ప్రసూన మేడమ్ నచ్చజెప్పింది.

"నిండితే చెడిపోద్దా?" అంది కోటమ్మ. "ఖాళీది పట్టుకుపోతే ఇంటికాడ మా అత్త నన్ను చెడతిట్టుద్ది. ఆ తిట్లు కూడా మీరే పడతారా తల్లీ?"

కానీ ఇడ్లీలు వేడిగా ఉన్నాయి. నిలబడ్డారు. ధార ఎదురుగా పడుతూనే ఉంది.

*

ప్రదర్శన చూడటానికి పైనుంచి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ఆ రోజు విద్యార్థులందరూ సంప్రదాయ దుస్తుల్లో రావాలన్నారు. హైమావతి వంకాయరంగు పట్టుచీర తీసింది. పట్టా పుచ్చుకునే యోగం ఎటూ లేదు, కనీసం చీరకైనా కాలేజీ చూపిద్దామనుకుంది. జాకెట్టు ఊపిరి బిగబట్టి తొడుక్కుంది.

బృందం ఊరి పొలిమేరల్లో ఉందని ఫోనొచ్చింది. అదే సమయానికి కుళాయి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. ట్యాంకు అడుగంటింది. ట్యాంకర్లవాళ్లకి ఫోన్లు చేస్తే, ముహూర్తాల రోజులు, అన్నీ పెళ్లిళ్లకి వెళ్లిపోయాయన్నారు.

సాంబమూర్తిగారికి చెమటలు పట్టాయి. "నీళ్లు లేక నీటి ఎద్దడిని చూపించలేకపోయామంటే కళాశాల పరువేం కావాలి?"

హైమావతి ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "అలాగే వదిలేస్తే సరిపోతుందేమోనండి. ఎద్దడంటే ఇదే కదా."

"ఇది ఎద్దడి, అమ్మా," అన్నారాయన విసుగ్గా. "మనకు కావలసింది ఎద్దడి ప్రదర్శన."

అప్పుడు షాహీన్ నోరు జారింది. "సార్, ఆంటీవాళ్ల వీధికి ఇవాళ పొద్దున్నే నీళ్లొచ్చాయి. గోడ అవతలే ఇల్లు."

కమిటీ మొత్తం హైమావతి వైపు తిరిగింది. సాంబమూర్తిగారి గొంతులో తేనె కలిసింది. "హైమావతి గారూ! మీ హాల్ టికెట్ ఎందుకండీ ఆగింది? ఆగకూడదే! మీ ఇంటినుంచి ఓ మూడు డ్రమ్ములు కళకి సమర్పిస్తే, ఇవాళే బృందం ఎదుట మీ స్పందన తీసుకుని, అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాను."

ఆవిడ తీవ్రమైన మానసిక సంఘర్షణకి లోనైందని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. మూడు డ్రమ్ములంటే ఇంట్లో ఉన్నవన్నీ. మళ్లీ నీళ్లొచ్చేదాకా తాగడానికీ, వండడానికీ, కోదండపాణి గడ్డానికీ అవే. అవతల డిగ్రీ. నిజం చెప్పాలంటే, ఒప్పేసుకోవడానికి కొంగు సర్దుకున్నంతసేపు కూడా పట్టలేదు. తాళంచెవి ఇచ్చేసింది. ఎన్‌సిసి వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు. డ్రమ్ములతో ఆగకుండా వంటింట్లో తాగేనీళ్ల బిందె కూడా తెచ్చి ట్యాంకులో వంపేశారు.

బృందం లోపలికి వచ్చేసరికి 'దాహం' ధారగా పారుతోంది. అధ్యక్షుడు శాలువా కప్పుకున్న పెద్దమనిషి. ఖాళీ బిందెల వరసని చూసి, "అద్భుతం, ఎంత సహజంగా ఉన్నారు!" అన్నాడు. కోటమ్మ ఇడ్లీ నములుతూ తలూపింది.

హైమావతిని కళాకృతి ముందు నిలబెట్టారు. ఆవిడ కుళాయి వంక చూసింది. నీళ్లు పడుతున్నాయి. ఈసారి అవి ఎవరి నీళ్లో కావు. తెల్లారుజామున లేచి పట్టిన నీళ్లు. గుడ్డ కట్టి వడబోసి, పటికముక్క తిప్పి, మూతలు పెట్టి వచ్చిన నీళ్లు. పగిలిన కుండలో పడి, వెనక తలుపు గుండా మట్టిలోకి పోతున్నాయి. ఆపుదామంటే పిడి లేదు.

ఆవిడ చెయ్యి ముందు లేని పిడిని తిప్పబోయింది. తర్వాత కళ్లు నిండాయి. ఆ తర్వాత, అంతమంది మగవాళ్ల ముందు, పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని, భోరుమని ఏడ్చింది.

"ఏమనిపిస్తోందమ్మా?" అని అడిగాడు అధ్యక్షుడు మెత్తగా.

"అవి నావండీ," అంది హైమావతి వెక్కుతూ. "ఆ నీళ్లు నావి."

అధ్యక్షుడు చలించిపోయాడు. "విన్నారా? ఈ నీరు నాది అంటోంది! ప్రతి పౌరుడూ ఇలా అనుకోగలిగిన నాడు దేశంలో ఎద్దడి ఉంటుందా? రాసుకోండి, రాసుకోండి." బృందమంతా రాసుకుంది. ప్రసూన మేడమ్ పూర్తి మార్కులు వేసింది. సాంబమూర్తిగారు అక్కడే, అనికేత్ వీపు మీద కాగితం ఆనించి, హాల్ టికెట్ మీద సంతకం చేశారు.

అందరూ భోజనాలకి వెళ్లిపోయారు. అక్కడ పన్నీటి చెంబుతో స్వాగతం ఉందట.

*

హాల్లో హైమావతీ, ఖాళీ బిందెల వరసా మిగిలారు. కుళాయి పారుతూనే ఉంది.

హైమావతి ముక్కు తుడుచుకుంది. పగిలిన కుండని కాలితో పక్కకి నెట్టింది. "కోటమ్మా, బిందె ఇటు పెట్టు."

"నిండితే చెడిపోద్దన్నారుగా?"

"చెడనీ. ఇవి నా నీళ్లు. ఇప్పుడే అందరూ రాసుకుని వెళ్లారు."

బిందె తరవాత బిందె నిండింది. వరస చకచకా కదిలింది. అన్ని రోజులూ కదలని వరస. చివర్లో ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. కోటమ్మ ఆఖరి బిందె ఎత్తబోయి ఆగింది.

"మీ ఇంట్లో ఏం మిగిల్చుకున్నావక్కా?"

హైమావతి ఆగిపోయిన కుళాయి వంక చూసింది.

"ఇది నువ్వు పట్టుకుపో. బిందె రేపు పంపుదువులే. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలివి లేకపోతే ఎట్టా?"

హైమావతి బిందె చంకన పెట్టుకుంది. అప్పుడు జాకెట్టు, మూడేళ్లుగా కాచుకుని ఉన్నది, చంక దగ్గర పర్రుమని చిరిగింది. ఒక చెయ్యి బిందెకీ, ఒక చెయ్యి చిరుగుకీ కావాల్సొచ్చింది. హాల్ టికెట్ పళ్లతో కరుచుకుంది. అలా పట్టుచీరలో, కాలేజీ గేటు దాటుతుంటే, అనికేత్ కెమెరాతో ఎదురొచ్చాడు.

"మేడమ్, ప్లీజ్! ఒక్క క్షణం అలాగే ఉండండి. దీనికి 'ఆశ - ఒకటి' అని పెడతాను."

ఆవిడ చెప్పదలుచుకున్నది చాలా ఉంది. నోట్లో హాల్ టికెట్ ఉండబట్టి కళ బతికిపోయింది.

ఇంటికొచ్చేసరికి కోదండపాణి భోజనానికి వచ్చి, ఖాళీ వంటింట్లో నిలబడి ఉన్నాడు. "హైమా, దొంగలు పడ్డట్టున్నారే. బంగారం ఉంది. డ్రమ్ములు పోయాయి."

ఆవిడ బిందె దించి, నోట్లోంచి హాల్ టికెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఒక మూల తడిసి, పళ్ల గుర్తులు పడ్డాయి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చిరిగిన జాకెట్టు చూశాడు. వాచిన కళ్లు చూశాడు.

"వచ్చిందన్నమాట, స్పందన!" అన్నాడు సంతోషంగా. "ఉండు, చేతులు కడుక్కొస్తా, ఇద్దరం కలిసి భోంచేద్దాం." అని చెంబు తీసుకుని బిందె మీదికి వంగాడు.

హైమావతి బిందె మీద మూత పెట్టి, ఆ మూత మీద అరచెయ్యి పెట్టింది.

"తుండుకి తుడుచుకోండి" అంది.